తెర మీద 24 – కాగితం మీద 1



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మేడం ఫోన్ చేసినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కాని మన హాస్టల్లో కవితలు బాగా రాసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. నేను చదువుతున్నది ఎం.సి.ఎ. కాబట్టి నాకు తెలిసిన కంప్యూటర్ గురించే రాస్తున్నాను. భయపడకండి, ఇందులో ప్రోగ్రాములు లేవు. ఇది మన ఆఫీసు గదిలో, మన ప్రింటర్ దగ్గర జరిగిన విషయం. మీలో కొందరు ఆ రోజు వరండాలోనే ఉన్నారు. అప్పుడు ఏం జరిగిందో మీరు చూశారు. ఎందుకు జరిగిందో, దాన్ని ఎలా కనిపెట్టామో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజు ఏం జరిగింది?

గత విద్యా సంవత్సరం మొదట్లో ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్ళకు బుక్ బ్యాంక్ పుస్తకాలు వచ్చాయి. మొత్తం 61 మంది. ఎం.పి.సి. 23 మంది, బై.పి.సి. 19 మంది, సి.ఇ.సి. 19 మంది. రెండో సంవత్సరం చదివే ఒక చెల్లి పేర్లన్నీ ఆఫీసు కంప్యూటర్లో టైపు చేసింది. వరస నంబర్లు తను కొట్టలేదు. నంబరింగ్ బటన్ నొక్కితే వర్డ్ ప్రాసెసర్ తనంతట తానే వేసింది. 1 నుంచి 23 ఎం.పి.సి., 24 నుంచి 42 బై.పి.సి., 43 నుంచి 61 సి.ఇ.సి. ఆ నంబర్ల ప్రకారమే స్టోర్ రూములో పుస్తకాలను పురికొసతో కట్టలు కట్టి, ఒక్కో కట్టకు ఒక్కో నంబరు చీటీ అంటించారు.

ముందుగా బై.పి.సి. వాళ్ళకు ఇద్దామన్నారు. కాగితాలు వృథా కాకూడదని ఆ చెల్లి జాబితా మొత్తం ప్రింటు తీయలేదు. 24 నుంచి 42 వరకు మౌస్‌తో సెలెక్ట్ చేసి, ఆ భాగం మాత్రమే ప్రింటు తీసింది. పేర్లన్నీ సరిగ్గానే వచ్చాయి. వాటి పక్కన నంబర్లు మాత్రం 24 నుంచి 42 బదులు 1 నుంచి 19 అని వచ్చాయి. హడావుడిలో అది ఎవరూ గమనించలేదు. కాగితం చూసి పేరు పిలిచారు, నంబరు చెప్పారు, ఆ నంబరు కట్ట తెచ్చి చేతిలో పెట్టారు. జువాలజీ రావలసిన చేతిలోకి లెక్కల పుస్తకం వచ్చింది. మొదట అందరం నవ్వాం. ఐదారు కట్టలు విప్పి, పుస్తకాలు కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోయాక నవ్వు ఆగిపోయింది.

మేడం వచ్చి కంప్యూటర్ తెరిపించి చూశారు. తెర మీద 24 నుంచి 42 స్పష్టంగా ఉన్నాయి. చేతిలోని కాగితం మీద 1 నుంచి 19 ఉన్నాయి. "ముందు తప్పు కొట్టి, ఇప్పుడు దిద్ది చూపిస్తున్నావా?" అని అడిగారు. "నేనేమీ మార్చలేదు మేడం" అని ఆ చెల్లి ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. మేడం తప్పు కూడా కాదు. తెర మీద ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉంటే మధ్యలో మనిషి ఏదో చేసిందనే ఎవరైనా అనుకుంటారు. స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చి అక్కడే నిలబడి ఉన్న నేను కూడా సగమే నమ్మాను.

మర్నాటి నుంచి ఆఫీసు కంప్యూటర్ పని వేరే అమ్మాయికి అప్పగించారు. "నాకు కంప్యూటర్ అచ్చిరాదక్కా" అంది ఆ చెల్లి ఆ రాత్రి భోజనాల దగ్గర. తప్పు టైపు చేసిందన్నందుకు కాదు, అబద్ధం చెప్పిందన్నందుకు ఏడ్చింది.

చెయ్యి ఎందుకు వెనక్కి పోతుంది?

ఆ మాట విని నాకు నా డిగ్రీ మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. ల్యాబులో నేను కూర్చున్న సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఏం నొక్కావ్?" అని అందరి ముందూ అడిగారు. నేనేమీ నొక్కలేదు. అయినా నేనే ఏదో నొక్కి ఉంటానని నాకే అనిపించింది. తర్వాత రెండు వారాలు వెనక వరసలో కూర్చుని పక్కవాళ్ళు చేస్తుంటే చూశాను. చెయ్యి పెట్టలేదు.

మా ఇంట్లో నాకంటే ముందు కంప్యూటర్ ముట్టుకున్నవాళ్ళు లేరు. మా అమ్మ మిరప కోతలకు వెళ్తుంది. వేలిముద్ర మిషన్ మీద అమ్మ వేలు పెడితే ఒక్కోసారి పడదు. అప్పుడు అమ్మ మిషన్‌ను ఏమీ అనదు. తన వేళ్ళనే చూసుకుంటుంది, చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. మనకూ అదే అలవాటు. యంత్రం తప్పు చేయదని, చేస్తే మనమే చేసి ఉంటామని అనుకుంటాం. యంత్రాలు కూడా తప్పు చేస్తాయి. ఆ తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఈ వ్యాసం ఆ పద్ధతి గురించే.

బగ్ అంటే ఏమిటి?

సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని బగ్ అంటారు. బగ్ అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే పెద్ద కంప్యూటర్లో నిజంగానే ఒక చిన్న రెక్కల పురుగు దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజమైన బగ్ దొరికిన మొదటి సందర్భమని పక్కన రాసుకున్నారు. యంత్రంలో లోపాన్ని బగ్ అనడం అంతకు ఎంతో ముందే, ఎడిసన్ కాలంలోనే ఉంది. అందుకే ఆ రాసిన మాటలో వాళ్ళకు సరదా కనిపించింది.

బగ్ ఉందని చెబితే చాలదు. చూపించాలి. అదీ ఒక్కసారి కాదు, ఎన్నిసార్లు చేసినా, ఎవరు చేసినా అదే తప్పు రావాలి. దీన్ని ఇంగ్లీషులో రీప్రొడ్యూస్ చేయడం అంటారు. మన మాటల్లో చెప్పాలంటే తప్పును మళ్ళీ పుట్టించడం. సైన్సు ల్యాబులో ప్రయోగం చేసినట్టే. నీలం లిట్మస్ ఆమ్లంలో ఎర్రబడుతుందని ఒక అమ్మాయి చేసి చూపితే, రెండో అమ్మాయి చేసినా ఎర్రబడాలి.

మేము చేసిన ప్రయోగాలు

ఆ ఆదివారం మేడం అనుమతి తీసుకుని నేనూ ఆ చెల్లీ ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఆమెను మౌస్ పట్టుకోమన్నాను. ముందు వద్దంది, తర్వాత పట్టుకుంది. ఒక నోటుపుస్తకంలో గడులు గీసి, ఏం చేశామో, ఏం వచ్చిందో రాసుకుంటూ పోయాం. ఒక నియమం పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్క విషయమే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది కారణమో తెలియదు.

మొదటి ప్రయోగం: జాబితా మొత్తం ప్రింటు. నంబర్లు 1 నుంచి 61 సరిగ్గా వచ్చాయి.

రెండో ప్రయోగం: ప్రింటు పెట్టెలో పేజీ నంబరు 2 ఇచ్చి ఆ పేజీ మాత్రమే. తెర మీద ఉన్న నంబర్లే వచ్చాయి.

మూడో ప్రయోగం: మొదటి పది పేర్లు సెలెక్ట్ చేసి, సెలెక్షన్ మాత్రమే ప్రింటు. 1 నుంచి 10 వచ్చాయి. ఇదీ సరిగ్గానే ఉంది. చెల్లి ముఖం వాడిపోయింది. "చూశావా అక్కా, తప్పు నాదే" అంది. నేనూ కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అప్పుడు నోటుపుస్తకం మళ్ళీ చూశాం. ఆ రోజు ఆమె మొదటి పేరు నుంచి సెలెక్ట్ చేయలేదు, మధ్యలో 24 నుంచి చేసింది. మేము చేసిన దానికీ ఆ రోజు జరిగిన దానికీ అదొక్కటే తేడా.

నాలుగో ప్రయోగం: 24 నుంచి 42 వరకు సెలెక్ట్ చేసి ప్రింటు. కాగితం మీద 1 నుంచి 19!

చెల్లి ఆ కాగితం పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ 1 నుంచి 19. మూడోసారీ అదే.

మూడో ప్రయోగంలో తప్పు లేకపోవడం కాదు, అది కనిపించలేదు. నంబర్లు ఎప్పుడూ 1 నుంచే మొదలవుతున్నాయి. మనం 1 నుంచే సెలెక్ట్ చేస్తే తప్పూ ఒప్పూ ఒకేలా ఉంటాయి. ఒకసారి బాగా వచ్చింది కాబట్టి బగ్ లేదని అనుకోకూడదని నాకు ఆ రోజే బాగా అర్థమైంది.

తర్వాత కారణాలను ఒక్కొక్కటిగా పక్కకు తీశాం.

ప్రింటర్ తప్పా? కాగితం మీదికి పంపకుండా అదే సెలెక్షన్‌ను పి.డి.ఎఫ్. ఫైలుగా దాచి చూశాం. అందులోనూ 1 నుంచి 19. అంటే ప్రింటర్‌కు సంబంధం లేదు. ఇంకో లాభం, ఇక్కడి నుంచి కాగితం ఖర్చు కూడా లేదు.

ఆ కంప్యూటర్ తప్పా? ఫైలును పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని మా కాలేజీ ల్యాబులో అదే సాఫ్ట్‌వేర్ ఉన్న వేరే సిస్టమ్‌లో చూశాను. అదే ఫలితం.

ఆ ఫైలు పాడైందా? కొత్త ఫైలు తెరిచి అ, ఆ, ఇ, ఈ, ఉ అని ఐదు వరసలు కొట్టి, నంబరింగ్ పెట్టి, 3 నుంచి 5 వరకు సెలెక్ట్ చేసి ప్రింటు ఇచ్చాం. 1, 2, 3 అని వచ్చింది. 61 పేర్లు అక్కరలేదు, ఐదు అక్షరాలు చాలు. బగ్ చూపించడానికి ఉదాహరణ ఎంత చిన్నదైతే అంత మంచిది. అవతలివాళ్ళకు వెతకడం సులువు.

నంబర్లు చేత్తో కొడితే? అదే ఐదు వరసలకు నంబర్లు మేమే టైపు చేశాం. 3, 4, 5 సరిగ్గా వచ్చాయి. కాబట్టి తప్పు రావడానికి రెండు షరతులు కలవాలి. ఒకటి, నంబర్లు సాఫ్ట్‌వేర్ వేసినవి కావాలి. రెండు, సెలెక్షన్ జాబితా మధ్యలో మొదలవ్వాలి.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మనకు తెర మీద 24 అని కనిపిస్తున్నా, ఫైలులో ఆ 24 అనే అంకె రాసి ఉండదు. ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌లో దాచిన ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. ఈ ఫార్మాట్ 2006లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఫైలుకు ఒక కాపీ తీసి, దాని చివర .జిప్ అని మార్చి తెరిస్తే లోపల కంటెంట్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఇది జాబితా, ఇది జాబితాలో ఒక అంశం, ఇది మరో అంశం అని మాత్రమే ఉంటుంది. నంబరు ఉండదు. పేజీని తెర మీద చూపించేటప్పుడు సాఫ్ట్‌వేర్ పై నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి నంబర్లు వేస్తుంది. మధ్యలో ఒక పేరు తీసేస్తే కింది నంబర్లన్నీ వాటంతటవే సర్దుకునేది అందుకే.

ఉదయం ప్రేయర్‌లో మనల్ని వరసలో నిలబెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పిస్తారు కదా. 24 అని చెప్పిన అమ్మాయి నుదుటి మీద 24 అని రాసి లేదు. ఆమె నిలబడ్డ చోటును బట్టి ఆ నంబరు వచ్చింది. ఇప్పుడు 24 నుంచి 42 వరకు ఉన్నవాళ్ళను పిలిచి వెనక ఆవరణలో వరసగా నిలబెట్టి మళ్ళీ లెక్క చెప్పమంటే? మొదటి అమ్మాయి ఒకటి అనే చెబుతుంది. పాపం ఆమె తప్పేముంది, తన ముందు ఎవరూ లేరు.

మా సాఫ్ట్‌వేర్ చేసింది అదే. సెలెక్షన్ మాత్రమే ప్రింటు చేయమంటే అది ఆ భాగాన్ని కాపీ చేసి, మనకు కనిపించకుండా ఒక తాత్కాలిక డాక్యుమెంటులో పెట్టి, దానికి కొత్తగా పేజీలు సర్ది ప్రింటర్‌కు పంపుతోంది. ఆ కొత్త డాక్యుమెంటులో ముందున్న 23 పేర్లు లేవు. అందుకని లెక్క 1 నుంచి మొదలైంది. కాపీ చేసేటప్పుడు మొదటి వరస నంబరు ఎంతో గుర్తు పెట్టుకోవడం మరిచిపోయారు. అంతే బగ్.

ప్రపంచంలో ఇలాంటివి

ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఒక్కో పాఠం ఉంది.

2008–09 ప్రాంతంలో ఉబుంటు వాడే ఒకాయన భార్య తమ ప్రింటర్ మంగళవారాలు పనిచేయడం లేదని చెప్పింది. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కాని ఆమె చెప్పింది నిజం. ఓపెన్ ఆఫీస్ నుంచి ప్రింటుకు వెళ్ళే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలులో అది తయారైన రోజు పేరు కూడా ఉంటుంది. ఫైలు ఏ రకానిదో గుర్తుపట్టే ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. దాని నియమాల పట్టికలో ఒక వరస తప్పుగా రాసి ఉండటం వల్ల, ఒక నిర్ణీత స్థానంలో మంగళవారానికి గుర్తుగా ట్యూ అనే మూడక్షరాలు కనిపిస్తే అది ఎర్లాంగ్ అనే వేరే భాషకు చెందిన ఫైలని పొరబడింది. ప్రింటు ఆగిపోయింది. బుధవారం అంతా మామూలే. ఆమె రోజును గమనించకపోతే ఆ బగ్ ఎన్నాళ్ళకు దొరికేదో!

2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ యంత్రాల్లో స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలు మారిపోతున్నాయని బయటపెట్టాడు. ఒక ఇంటి ప్లానులో మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు ఉంటే, స్కాన్ చేసిన కాపీలో మూడింటికీ 14.13 అని వచ్చింది. ఫైలు సైజు తగ్గించడానికి ఒకేలా కనిపించే చిన్న ముక్కలను ఒకే బొమ్మతో భర్తీ చేయడం దీనికి కారణం. ఆయన ఎవరైనా చేసి చూసుకునేలా పద్ధతి వివరంగా రాశాడు. కంపెనీ ఆ యంత్రాలకు దిద్దుబాట్లు విడుదల చేసింది.

మన భాషకు సంబంధించినది ఇంకొకటి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తోందని ప్రపంచమంతా వార్త వచ్చింది. ఆ అక్షరం జ్ఞా. విజ్ఞానం, జ్ఞాపకం అని మనం రోజూ రాసే జ్ఞా మామూలుగా ఏ హానీ చేయదు. జ్ఞ కు, దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరినప్పుడే తప్పు జరిగేది. ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6తో దాన్ని సరిచేశారు. తెలుగు అక్షరం వల్ల ఫోను చెడిపోయిందని చాలామంది జోకులు వేశారు. అక్షరం తప్పు ఏమీ లేదు, దాన్ని సరిగా చదవలేకపోయిన సాఫ్ట్‌వేర్‌ది తప్పు.

ఆమె మంగళవారాలు ప్రింటు కావడం లేదంటే వింతగా ఉంటుంది. మన చెల్లి తెర మీద ఒకటి, కాగితం మీద ఒకటి ఉందంటే అబద్ధంలా ఉంటుంది. వింతగా ఉందని కొట్టేయకుండా చేసి చూడటమే పద్ధతి.

ఫిర్యాదు ఎలా రాయాలి?

మేము వాడింది ఉచిత సాఫ్ట్‌వేర్. ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు బగ్‌లు నమోదు చేసే పద్ధతి ఉంటుంది. 1998 నుంచి అందుబాటులో ఉన్న బగ్‌జిల్లా అనే వ్యవస్థను చాలా సంస్థలు దీనికే వాడుతున్నాయి. ఈ-మెయిల్ ఉన్నవాళ్ళు ఎవరైనా రాయవచ్చు. డిగ్రీ అడగరు.

నాకు భయం ఇంగ్లీషు గురించే. పదో తరగతి వరకు తెలుగు మీడియం. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. చివరికి తెలిసిందేమిటంటే దీనికి పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. చిన్న చిన్న వాక్యాలే కావాలి. ఇవి ఉండాలి:

1. ఇదే తప్పు ఇంతకు ముందు ఎవరైనా రాశారేమో వెతకాలి. రాసి ఉంటే కొత్తది తెరవకుండా అక్కడే మన అనుభవం చేర్చాలి.
2. శీర్షిక స్పష్టంగా ఉండాలి. "ప్రింటు పనిచేయడం లేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "జాబితా మధ్య నుంచి సెలెక్ట్ చేసి ప్రింటు తీస్తే నంబర్లు 1 నుంచి మొదలవుతున్నాయి" అంటే వెంటనే తెలుస్తుంది.
3. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు, కంప్యూటర్లోని ఆపరేటింగ్ సిస్టమ్ పేరు రాయాలి.
4. ఏం చేస్తే తప్పు వస్తుందో వరసగా, ఒక్కో వాక్యంలో ఒక్కో పని చొప్పున రాయాలి.
5. ఏం రావాలి, ఏం వచ్చింది అనేవి విడివిడిగా రాయాలి.
6. చిన్న ఉదాహరణ ఫైలు జతచేయాలి.

ఆరోదాని గురించి ఒక హెచ్చరిక. మన అసలు జాబితా ఎప్పుడూ పంపకూడదు. అందులో మన పేర్లు, కులం, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి. మేము అ, ఆ, ఇ, ఈ, ఉ ఉన్న ఫైలే పంపాం.

రెండు రోజులకు వేరే దేశం నుంచి ఒకాయన జవాబు రాశారు. తన దగ్గర బాగానే వస్తోందన్నారు. నాకు మళ్ళీ డిగ్రీ ల్యాబు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. కాని నేను రాసింది నేనే మళ్ళీ చదివితే లోపం కనిపించింది. "జాబితాలో కొన్ని వరసలు సెలెక్ట్ చేయండి" అని రాశాను. ఆయన మొదటి మూడు వరసలు సెలెక్ట్ చేసి ఉంటారు, మా మూడో ప్రయోగంలాగే. "3వ వరస నుంచి 5వ వరస వరకు సెలెక్ట్ చేయండి, 1వ వరసను చేర్చవద్దు" అని దిద్ది పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. తన దగ్గరా 1, 2, 3 అనే వస్తోందని, బగ్ నిజమేనని ధ్రువీకరించారు. తాత్కాలిక డాక్యుమెంటు సంగతి వివరించింది కూడా ఆయనే. ఆయన అడిగితే ఒక పాత వెర్షన్‌లోనూ చేసి చూశాను. అందులోనూ ఉంది. అంటే ఇది కొత్తగా వచ్చిన తప్పు కాదు, మొదటి నుంచీ ఉన్నదే.

ఇంకొకరు మాత్రం ఇది బగ్ కాదు, దాని పద్ధతే అంత అన్నారు. ఈ వాదన కూడా వినవలసిందే. ముక్కను విడిగా తీసినప్పుడు లెక్క మొదటి నుంచి రావడం సహజమే కదా అని ఆయన ఉద్దేశం. నా జవాబు ఒక్కటే. ప్రింటు ఇచ్చే మనిషి తెర మీద చూసిందే కాగితం మీద వస్తుందని నమ్ముతుంది. ఆ నమ్మకం తప్పిన చోట మా హాస్టల్లో ఒక అమ్మాయి అబద్ధాలకోరు అయింది. ఇంత పొడుగ్గా కాకపోయినా ఆ అర్థం వచ్చేలా రాశాను.

అంతవరకు మనం ఏం చేయాలి?

జాబితాలో కొంత భాగమే కావాలంటే సెలెక్షన్ బదులు పేజీ నంబరు ఇచ్చి ప్రింటు తీయండి. ఒక్కో గ్రూపును కొత్త పేజీలో మొదలుపెడితే ఇంకా సులువు. నంబరు ముఖ్యమైన జాబితాలో, అంటే కట్టలకు, హాల్ టికెట్లకు, ఖాతాలకు ముడిపడిన చోట, నంబర్లు మీరే టైపు చేయండి. ప్రింటు ఇచ్చే ముందు పి.డి.ఎఫ్. తీసి మొదటి వరస, చివరి వరస చూసుకోండి. కాగితం చేతికి వచ్చాక కూడా ఆ రెండు వరసలు తెరతో పోల్చండి. ఒక్క నిమిషం పని.

చివరగా

ఆ ఆదివారం సాయంత్రమే మేడంను ఆఫీసు గదికి పిలిచాం. మేము చేసి చూపించలేదు. మేడంనే కుర్చీలో కూర్చోబెట్టి, చెల్లి పక్కన నిలబడి నోటుపుస్తకం చూస్తూ ఒక్కో మెట్టు చదివింది. మేడమే టైపు చేశారు, మేడమే సెలెక్ట్ చేశారు, మేడమే ప్రింటు నొక్కారు. కాగితం బయటికి వచ్చింది. 1, 2, 3. మేడం తెర వైపు, కాగితం వైపు రెండుసార్లు చూశారు. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందూ ఆ చెల్లి తప్పు లేదని చెప్పారు. అలా చెప్పడానికి పెద్ద మనసు కావాలి. ఆ విషయంలో మేడంకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ఈ వ్యాసం రాసేనాటికి ఆ బగ్‌ను ఇంకా సరిచేయలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళు తక్కువ, చేయవలసినవి ఎక్కువ. వరసలో అదీ ఉంది. మా పేరు మీద నమోదై ఉంది. నేను వారానికోసారి చూస్తుంటాను.

ఆ చెల్లి ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో కంప్యూటర్స్ తీసుకుంది. మొన్న ఫోన్ చేసి, ల్యాబులో సిస్టమ్ ఆగిపోయిందని, "ఏం నొక్కావ్?" అని అడిగారని చెప్పింది. నువ్వేమన్నావని అడిగాను. "ఏమేం నొక్కానో వరసగా రాసిచ్చానక్కా. వాళ్ళు నొక్కినా ఆగిపోయింది" అంది.

చెల్లెళ్ళూ, తప్పు నిజంగా మనదైతే ఒప్పుకుందాం, దిద్దుకుందాం. మనది కాకపోతే మాత్రం ఏడుస్తూ వెనక వరసకు పోవద్దు. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఏం చేశారో, ఏం రావాలో, ఏం వచ్చిందో మూడు గడులు గీసి రాసుకోండి. మళ్ళీ చేసి చూపించండి.

– ఎం.సి.ఎ. ద్వితీయ సంవత్సరం,
మన హాస్టల్ పూర్వ విద్యార్థిని